నేనెక్కితే కదలని బండి

మా ఆయన కొన్న పాత డీజిల్ వ్యాను నేనెక్కితే కదిలేది కాదు. నేను దిగితే కదిలేది. ఈ మాట ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు సమ్మెలో కూర్చున్న ఆ రోజుల్లో నేను దానికోసం ఎంత ఏడ్చానో నాకే తెలుసు. మెకానిక్కులు, మొగుడు, దారిన పోయేవాళ్ళు, అందరూ నా కాళ్ళ వంకే చూశారు. చివరికి నా కాళ్ళ వంక నేనే అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టాను.

మాది సిరిసిల్ల. నా పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ సాంచాల ఇళ్ళే. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. మా ఆయన పన్నెండేళ్ళు సాంచాల మీద పనిచేసి, ఒక చెవి వినికిడి సగం పోగొట్టుకుని, ఒకరోజు పొద్దున "ఇగ నాతోని గాదు" అని ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరికే కూర్చోక ఆ వ్యాను కొన్నాడు. అంతకు ముందు అది బడిపిల్లల వ్యాను. పైన తెల్లరంగు వేయించాం గానీ ఎక్కడ గీత పడితే అక్కడ పాత పసుపు బయటపడేది. లోపలి రేకు మీద ఏ పిల్లవాడో మేకుతో రెండో ఎక్కం గీశాడు. రెండు ఆర్లు పన్నెండు దగ్గర బహుశా బడి వచ్చేసి ఉంటుంది, అక్కడితో ఆగిపోయింది.

సీట్లు తీయించి వెనక ఒక చెక్కమంచం కట్టించాం. మంచం కింద పెట్టెలాంటి జాగాలో గిన్నెలు, బియ్యం, పక్కబట్టలు. ముందు భాగంలో చీరల మూటలు, లంగాబట్ట తాన్లు, తువ్వాళ్ళు. ఒక చిన్న గ్యాసు పొయ్యి. నెలలో ఇరవై రోజులు మేం ముగ్గురం, నేనూ ఆయనా పది నెలల మా బిడ్డా, అందులోనే వండుకుని అందులోనే పడుకుని జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి బట్టలమ్మేవాళ్ళం. ఊరి నడిమధ్య బండి ఆపి పక్క తలుపు తీస్తే అదే దుకాణం. సామాను జరిపి చాప పరిస్తే అదే ఇల్లు.

సీట్లు తీసిన వెల్డింగు అతను ఇంకో పని కూడా చేశాడు. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి చక్రం పక్కనే ఉండి మట్టిరోడ్ల దుమ్మంతా లోపలికి లాగుతోందని, దానికి ఒక లావుపాటి రబ్బరు గొట్టం అతికించి, తెచ్చి మంచం కింద పెట్టెలో వదిలాడు. మా ఆయనకు చెప్పే చేశాడట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా నా గిన్నెల పక్కన ఒక నల్లగొట్టం నోరు తెరుచుకుని ఉందనీ, బండి నడిచినంతసేపూ అది "ఊ..." అని ఊళపెడుతుందనీ. పిల్ల కళ్ళు మూతపడతాయో లేదో ఆ ఊళకు ఉలిక్కిపడి లేచి ఏడుపు. పిల్ల ఏడుపు, గొట్టం ఊళ, ఇంజను మోత. నా తల పగిలిపోయేది.

సాంచాల ఇంట్లో పుట్టినవాళ్ళకు ఒక అలవాటుంది. ఏది మోత చేసినా దాని సందులో ఇంత వేస్టుదారం కుక్కుతాం. తలుపు కొట్టుకుంటే వేస్టు, కిటికీ రెక్క గలగలలాడితే వేస్టు, సాంచా కాలు కదిలితే వేస్టు. మగవాళ్ళు చెవుల్లో కూడా అదే పెట్టుకుంటారు. మా అమ్మ చిలకపచ్చ నూలుదారం వేస్టును గట్టిగా చుట్టి, పిడికెడంత ముద్ద చేసి, పిల్ల ఆడుకోవడానికి ఇచ్చింది. పిల్ల మేలుకుని ఉంటే ఆ ముద్ద దాని చేతిలోనో నోట్లోనో ఉండేది. ఒకనాడు పిల్ల నిద్రపోగానే ఆ ముద్ద తీసి, ఊళపెట్టే గొట్టం నోట్లో కుక్కాను. ఊళ ఆగిపోయింది. అబ్బ, ప్రాణానికి ఎంత హాయి! ఇక రోజూ అదే పద్ధతి, రోజురోజుకూ ఇంకాస్త బిగించి. పిల్ల పడుకుంటే ముద్ద గొట్టంలో. పిల్ల లేస్తే ముద్ద పిల్ల చేతిలో.

మా ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "ఏందే, బండి సప్పుడు తక్కువైంది? నిన్న నట్లు బిగిచ్చిన గద, పని చేసినట్టున్నది" అని సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను. ముద్ద సంగతి చెప్పాలని కూడా అనిపించలేదు. తలుపు సందులో గుడ్డ పెడితే మొగుడికి చెబుతామా?

బండి సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ బండి మీద నా సంసారం ఆధారపడి ఉంది. కోరుట్లలో ఒక ఏజెంటు మా ఆయన వెంటపడుతున్నాడు. గల్ఫులో గోదాము పని, వీసా తయారుగా ఉంది, పాస్‌పోర్టు తెచ్చిస్తే చాలు అని. మా ఆయన అటూ ఇటూ ఊగుతున్నాడు. నేను మాత్రం ఊగలేదు. నాకు మూడేళ్ళప్పుడు మా నాన్న గల్ఫు పోయాడు. తిరిగొచ్చేసరికి నాకు పదకొండేళ్ళు. వాకిట్లో నిలబడ్డ మనిషిని చూసి "కాకా, ఎవలు గావాలె?" అని అడిగాను. ఆయన పెట్టె కింద పెట్టి అక్కడే కూర్చుని ఏడ్చాడు. నా బిడ్డ నోట ఆ మాట రాకూడదు. ఇదొక్కటే నా పంతం.

చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. "ఈ బతుకమ్మ సీజన్ల బండి మంచిగ తిరిగితె ఉంట. తిరగకపోతె పోత. మళ్ళ నువ్వు ఏడ్వద్దు, నన్ను ఆపద్దు" అన్నాడు మా ఆయన. నేను సరేనన్నాను. పాస్‌పోర్టు ఆయన చొక్కాజేబులోనే ఉండేది. వంగినప్పుడల్లా దాని అంచు కనబడేది.

సరిగ్గా అప్పుడే సమ్మె మొదలైంది. బస్సులు లేవు. బడులు లేవు. ఎక్కడ చూసినా టెంట్లు, డప్పులు, రోడ్ల మీద వంటలు. మా బండి నంబరు మీద కూడా మా ఆయన ఏపీ తుడిపేసి టీజీ రాసి, అద్దం మీద సున్నంతో జై తెలంగాణ అని రాశాడు. బస్సుల్లేక ఆడవాళ్ళు పట్నం పోయి చీరలు కొనుక్కునే దారి లేదు. చీరలే ఊరికి పోతే ఇక చెప్పేదేముంది? మాలాంటి వాళ్ళకు అంతటి సీజన్ మళ్ళీ రాదు. నిలబడితే ఈ సీజన్లోనే మా బతుకు నిలబడాలి.

సరిగ్గా అప్పుడే బండి మొండికేసింది.

మొదటిసారి జగిత్యాల దాటి సారంగాపూర్ పోయే దారిలో. చిన్న ఎత్తు ఎక్కుతుంటే బండికి దమ్ము లేదు. వెనక నల్లటి పొగ. లోపల్నుంచి దబదబమని దెబ్బలు. మా ఆయన గేరు మార్చాడు, తిట్టాడు, బతిమాలాడు. బండి రెండు ఊపులు ఊగి ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే ఇంజను గిరగిర తిరుగుతుంది గానీ అంటుకోదు. ఆయన కిందికి దిగి, స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి బాగున్న చెవికి ఆనించి, నన్ను తాళం తిప్పమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"కుడి దిక్కు ఒక దెబ్బ తప్పుతున్నది," అన్నాడు.

"అది సాంచా గాదయ్యా, ఇంజను," అన్నాను.

"దెబ్బ దెబ్బనే గదనే!"

నాకేం తెలుసు, ఆయనకేం తెలుసు. పిల్లను చంకనేసుకుని కిందికి దిగాను. పిల్ల లేచి ఏడ్చింది, ముద్ద తీసి చేతిలో పెట్టాను. ఆయన ఇంకోసారి తాళం తిప్పాడు. బండి టక్కున చాలైంది! ఎందుకు ఆగిందో తెలియదు, ఎందుకు నడిచిందో తెలియదు. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

జగిత్యాలలో ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు. రేకుల షెడ్డు, నోట్లో ఎప్పుడూ తమలపాకు. బండి తడిమి చూసి, "హీటర్లు పోయినయ్ భాయ్. పొద్దుగాల చల్లటి ఇంజను ఎట్ల చాలైతది?" అన్నాడు. ఆగింది పొద్దున కాదు, మిట్టమధ్యాహ్నం అని చెబుదామనుకున్నాను, మా ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. హీటర్లు మార్చాడు. నేను చెట్టుకింద పిల్లనాడిస్తూ కూర్చుంటే ఇద్దరూ బండిని బజారంతా తిప్పి తెచ్చారు. గుర్రంలా ఉరికిందట. సరే, ఎక్కాం. పిల్ల నిద్రపోయింది. ఊరు దాటకముందే నల్లపొగ, దబదబ, ఆగిపోవడం.

మా ఆయన నడిచిపోయి ముసలాయన్ని స్కూటరు మీద తెచ్చాడు. ఆలోగా పిల్ల లేచింది, ఎండగా ఉందని నేను దిగి నీడన నిలబడ్డాను. ముసలాయన తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకు చాలైంది. ఆయన నా వంక చూశాడు. బండి వంక చూశాడు.

"బేటీ, నువ్వు జర ఎక్కు."

ఎక్కాను. పిల్ల చేతిలో ముద్దతో నా ఒళ్ళో ఉంది. బండి బాగానే ఉంది.

"ఇప్పుడు దిగు."

దిగాను. బండి బాగానే ఉంది. ముసలాయన తల గోక్కున్నాడు. "ముప్పై ఏండ్ల సంది బండ్లు చూస్తున్న. బీమారు ఉంటె చూపియ్యాలె గద! డాక్టరు ముంగట మంచిగుండి, ఇంటికి పోంగనె పండుకునే బండిని నేనెట్ల బాగుచెయ్యాలె?" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు ఒక ఊళ్ళో బట్టలమ్మి, పిల్లను పడుకోబెట్టి బయల్దేరాం. పొలిమేరలో ఆగింది.

అప్పుడు మా ఆయన మొదటిసారి ఆ మాటన్నాడు. "నువ్వు దిగినప్పుడే నడుస్తున్నదే ఇది. నువ్వెక్కితె ఆగుతున్నది." నవ్వుతూనే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "అయితె నన్ను ఈన్నే ఇడ్సిపెట్టి పో! బండినే పెండ్లి చేసుకో!" అన్నాను. తర్వాత రోజు నవ్వకుండా అన్నాడు. ఆ తర్వాత రోజు అసలేమీ అనలేదు, నేనెక్కబోతుంటే ఊరికే చూశాడు. ఆ చూపు కంటే తిట్టు నయం.

నేను కూడా లోలోపల లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఎడమకాలితో ఎక్కానా? కుడికాలితో ఎక్కానా? ముందు మూట ఎక్కించానా, పిల్లనా? ఒకరోజు ఉపవాసం ఉన్నాను. ఆరోజు పిల్లకు దగ్గు, పొద్దంతా నిద్రపోలేదు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఉపవాసం పనిచేసిందనుకున్నాను! రెండోరోజు కూడా ఉన్నాను. పిల్ల దగ్గు తగ్గి హాయిగా పడుకుంది. బండి నాలుగుసార్లు ఆగింది. ఆకలికి ఆకలి, అవమానానికి అవమానం.

కోరుట్లలో ట్రాక్టర్లు బాగుచేసే ఇంకో మెకానిక్కు దొరికాడు. కుర్రతనం, మాట దూకుడు. "జగిత్యాలోల్లకేం తెల్సన్నా! డీజిలు పైపుల గాలి జొచ్చింది. గాలి ఎక్కువైతె ఇంజను ఆగుతది" అని ఒక నట్టు వదులు చేసి, పంపు కొట్టి, బుడగలు పోయేదాకా డీజిలు కార్చాడు. అక్కడ కూడా నేను పిల్లతో బయటే కూర్చున్నాను. బండి అక్కడా బాగానే నడిచింది. గంటకు మళ్ళీ ఆగింది. తిరిగిపోతే అతను చేతులు తుడుచుకుంటూ, "అన్నా, నా పని అయిపోయింది. ఇగ నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టున్రి" అన్నాడు. మా ఆయన నిమ్మకాయలు తెచ్చాడు. తెచ్చి, నన్ను కుడికాలు ముందు పెట్టి ఎక్కమన్నాడు. ఎక్కాను. ఏం చేస్తాను? నా బిడ్డకు తండ్రి కావాలి, నిమ్మకాయ తొక్కమంటే తొక్కుతాను, బండికి మొక్కమంటే మొక్కుతాను.

సద్దుల బతుకమ్మ ఇంకా రెండు రోజులుందనగా కోరుట్ల ఇవతల నాలుగు కిలోమీటర్ల దూరంలో బండి మళ్ళీ ఆగింది. ఆగడం కూడా ఎక్కడ ఆగింది? రాస్తారోకో మధ్యలో. రోడ్డుకు అడ్డంగా వందమంది కూర్చుని ఉన్నారు, డప్పు మోగుతోంది. మమ్మల్ని పక్కనుంచి పోనిస్తామని దారి చూపించారు. మా ఆయన బండి తిప్పబోయాడు. బండి రోడ్డుకు సరిగ్గా అడ్డం తిరిగి, నల్లపొగ వదిలి, చచ్చింది. తర్వాత ఒకటే చప్పట్లు! "అన్న బండి అడ్డం వెట్టిండురా! జై తెలంగాణ!" అని అరుపులు. ఎవరో వచ్చి మా ఆయన మెడలో గులాబీ కండువా వేశారు. ఆయన మొహం ఎటు తిప్పాలో తెలియక నిలబడ్డాడు.

అప్పుడే ఏజెంటు ఫోన్. ఈ సాయంత్రంలోగా పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుందట. మా ఆయన ఫోను పెట్టేసి బండి వంక చూశాడు, తర్వాత నా వంక.

"చూసినవు గద," అన్నాడు. "ఇగ నాతోని గాదు. నడుసుకుంట పోయి ఇచ్చస్త."

సాంచాలు మానేసిన రోజు అన్నది కూడా అదే మాట. ఆ మాటంటే ఇక వెనక్కి రాడని నాకు తెలుసు. "పండుగ దాంక ఆగయ్యా," అన్నాను. "ఏం జూసి ఆగాలె? నువ్వే చెప్పు" అన్నాడు. ఆపననీ ఏడవననీ మాటిచ్చాను. ఆయన కండువా తీసి సీటు మీద పెట్టి, జేబు తడుముకుని, కోరుట్ల వైపు నడిచిపోయాడు. ఆయన వీపు కనిపించినంత దూరం చూశాను. మా నాన్న పోయినప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటాను, గుర్తులేదంతే.

ఆ రోజు రోడ్డు మీద వంటావార్పు. బీడీలు చేసే ఒక పెద్దామె అందరికీ పని పురమాయిస్తోంది. నా దగ్గరికొచ్చి, "ఏడుసుకుంట కూసుంటె పనైతదా బిడ్డా? గిన్నెలుంటె దించు, అన్నం వండుదాం. పొల్లను గిటియ్యి, నేను ఎత్తుకుంట" అంది. పిల్ల అప్పుడే నిద్రలేచింది. ఎప్పటిలాగే దాని చేతికి ముద్ద ఇచ్చి ఆమె చంకకు అందించాను. మంచం కింద పెట్టె మొత్తం ఖాళీ చేశాను. గిన్నెలు, బియ్యం, పక్కబట్టలు, అన్నీ రోడ్డు మీదికి. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి అంటించారు. నేను ఉల్లిగడ్డలు కోశాను. ఉల్లిగడ్డల పుణ్యమా అని ఎంత ఏడ్చినా ఎవరూ అడగలేదు.

సమ్మెలో ఉన్న ఒక బస్సు డ్రైవరు అక్కడే కూర్చుని ఉన్నాడు. మా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "చెల్లె, స్టీరింగు వట్టక ఇరవై రోజులైంది. చేతులు గుంజుతున్నయ్. ఒక్కపారి తాళం తిప్పుదునా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. తిప్పుకోమన్నాను. ఆయన ఎక్కి తాళం తిప్పాడు.

బండి ఒక్క తిప్పుకు అంటుకుంది. దబదబ లేదు, నల్లపొగ లేదు. ఇంజను సాఫీగా తిరుగుతోంది, ఖాళీ పెట్టెలోంచి గొట్టం "ఊ..." అని ఊళపెడుతోంది. చుట్టూ మళ్ళీ చప్పట్లు. నేను కత్తి పట్టుకుని లేచి నిలబడ్డాను.

"అన్నా, గా గొట్టం ఎందుకు గట్ల ఒర్రుతది?" అని అడిగాను.

"అదా? ఇంజను గాలి గుంజుడు చెల్లె అది. బండికి అది ముక్కు. అది మూస్తె మనిషైనా బండైనా ఎట్ల బతుకుతది?"

నేను పెద్దామె చంకలోకి చూశాను. నా బిడ్డ పచ్చటి ముద్దను చీకుతోంది. ముద్ద కొసన నల్లటి మసి. గొట్టం మూతి గుండ్రంగా అచ్చు పడి ఉంది. హీటర్లు, డీజిలు బుడగలు, నిమ్మకాయలు, ఉపవాసాలు, నా కుడికాలు, ఎడమకాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పిల్ల పడుకుంటే ముద్ద గొట్టంలో. పిల్ల లేస్తే ముద్ద పిల్ల చేతిలో. అయ్యో నా రాత! నా మొగుణ్ణి నా చేతులతో నేనే గల్ఫుకు తోలాను.

పరుగెత్తాలనుకున్నాను. నాలుగు కిలోమీటర్లు, ఆయన పోయి గంట దాటింది. ఫోను చేస్తే ఎత్తలేదు. పిల్ల చేతిలోంచి ముద్ద లాక్కున్నాను, అది కెవ్వుమంది. నా చేతిలో ఆ ముద్ద ఎవరైనా చూస్తారేమోనని భయం వేసింది. చుట్టూ చూసి అన్నం పొయ్యిలో పడేశాను. నూలుదారం, భగ్గున మండిపోయింది. ఆ మంట మీదే వందమందికి అన్నం ఉడికింది.

అందరం రోడ్డు మీద వరసగా కూర్చుని తింటుండగా మా ఆయన తిరిగొచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. జేబులో పాస్‌పోర్టు అంచు అలాగే కనబడుతోంది. "బంద్ గద, షట్టర్ మూసి ఉన్నది. గంటసేపు మెట్ల మీద కూసున్న, వాడు ఫోన్ ఎత్తలే, ఎవ్వడు రాలే" అన్నాడు. అప్పుడు బండి మోత విన్నాడు. బస్సు డ్రైవరు ఇంకా దిగలేదు, ఆనందంగా గేర్లు మారుస్తూ కూర్చున్నాడు.

పెద్దామె చేతులు కడుక్కుంటూ, "నీ బండి మనిషి లెక్కనే ఉన్నదిరా కొడుకా! ఉద్యమానికి అడ్డం నిలవడ్డది, పొయ్యి అంటుకోంగనే లేచింది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు అవునంటే అవునన్నారు. మా ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. పోయి బండి మూతి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, జేబులోంచి పాస్‌పోర్టు తీసి, "బండే పోవద్దంటున్నది. పెట్టెల వెయ్యే దీన్ని" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పను? బండికి మనసూ లేదు, పాడూ లేదు, దాని ముక్కులో నేనే దారం కుక్కానని చెబితే, ఆ పాస్‌పోర్టు మళ్ళీ జేబులోకి పోతుందేమో. ఇన్నాళ్ళ తిట్లన్నీ ఒక్కసారి నా మీద పడతాయేమో. రెండూ భయాలే. నేను పాస్‌పోర్టు తీసుకుని బట్టల అడుగున పెట్టాను, నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. చీరలు మిగల్లేదు. గొట్టం దాని ఊళ అది పెట్టింది, నాలుగు రోజుల్లో పిల్ల ఆ ఊళకే అలవాటుపడి, బండి ఆగితే లేచి ఏడ్చేది. మా ఆయన మాత్రం ఎవరు కనబడినా బండి రాస్తారోకో చేసిన కథ చెప్పేవాడు.

దసరా అయిన వారానికి సిరిసిల్లలో ఇంటిముందు బండి ఆపుకుని ఆయన ఏవో నట్లు విప్పుతున్నాడు. ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు, ఇంకో వీసా వచ్చిందని. నేను గడపలో పిల్లకు తినిపిస్తున్నాను. నా చెయ్యి ఆగిపోయింది. ఆయన ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు నా వంక చూశాడు. తర్వాత, "లేదన్నా. బండి మంచిగ నడుస్తున్నది. నేను రాను. ఇగ చెయ్యకున్రి" అని పెట్టేశాడు. ఫోను నిండా నల్లటి నూనె మరకలు. "చేతులు కడుక్కోని ఫోను ముట్టుకోవాలె గదా" అని కసిరాను. ఆయన మళ్ళీ నట్ల దగ్గర కూర్చున్నాడు. బండి చెప్పిన మాట మీద ఇంకా నమ్మకం ఉందని నేను లోపలే సంతోషపడ్డాను.

తెలంగాణ వచ్చింది. బండి పాతబడి పాతసామానుకు పోయింది. ఇప్పుడు మాకు సిరిసిల్లలోనే చిన్న బట్టలకొట్టుంది. పిల్ల ఇంటరు చదువుతోంది. తండ్రిని రోజుకు పదిసార్లు పిలుస్తుంది, పదిసార్లు పోట్లాడుతుంది. మొన్న ఎండాకాలం దాని కాలేజీకేదో కాగితం కావాలంటే పాత పెట్టె తీశాను. అడుగున ఆ పాస్‌పోర్టు ఉంది. ఎప్పుడో గడువు తీరిపోయింది. ఊరికే తెరిచాను.

నడిమి పేజీల మధ్య చిటికెడు దారం. చిలకపచ్చ నూలుదారం. నూనెలో నాని, ఎండి, పేజీకి అతుక్కుపోయి, చుట్టూ నల్లగా మరక. గొట్టంలోంచి ఇంజను లోపలికి లాగుకున్న పోగులు. బండి గాలి వడపోసే డబ్బా విప్పి కడిగినవాడికి తప్ప ఇంకెవరికీ దొరకనివి. ఆ రోజు ఇంటిముందు ఆయన విప్పుతున్నది ఆ డబ్బానే. ఫోను మీద ఆ నూనె మరకలు అవే.

పాస్‌పోర్టు పట్టుకుని కొట్టుకు పోయాను. ఆయన ఎవరికో లంగాబట్ట కొలుస్తున్నాడు. కొన్నామె వెళ్ళేదాకా ఆగి, తెరిచి ముందు పెట్టాను. ఆయన దారం వంక చూసి, నా వంక చూశాడు.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"గా ఏజెంటు రెండోపారి ఫోను చేసినప్పుడు ఇది నా చేతులనే ఉండె."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పినవా?"

ఆయన కొలకర్ర పక్కన పెట్టి, బట్ట మడతపెడుతూ, "ఇన్నేండ్లు బండి చెప్పిందని ఉన్న అనుకున్నవా నువ్వు?" అన్నాడు.

అవును, అలాగే అనుకున్నాను.